ఏటిలోని బండి

ఇంగ్లండు దేశపు తూర్పుభాగమున సఫోకు, ఎసెక్సు అను రెండు జిల్లాలకు నడుమ స్టౌరు అను చిన్న నది పాఱుచున్నది. కృష్ణా గోదావరులను చూచిన కన్నులకు అది నదివలె తోపదు. మన డెల్టాలోని ఒకానొక పంటకాలువ యనుకొందుము. దాని యొడ్డున ఫ్లాట్‌ఫర్డు అనుచోట ఎఱ్ఱయిటుకల నీటిమర యొకటి, పాతకాలపు ఇండ్లు రెండుమూడు, కొయ్యవంతెన యొకటి కలవు. ఊరని పిలుచుటకైనను చాలని యీ చోటు లోకమంతటను ప్రసిద్ధి కెక్కుటకు కారణము, 1821లో జాన్ కాన్‌స్టేబుల్ అను చిత్రకారుడు ఇక్కడి నీటిలో నిలిచిన యొక బండిని చిత్రించుటయే. ఆ దేశమువారు ఆ బొమ్మను బిస్కత్తు డబ్బాలమీద, క్యాలెండర్లమీద, తేనీటి పళ్లెరములమీద అచ్చువేసి వేసి, ఇంగ్లండు పల్లె యనగా నిదియే యని తమ బిడ్డలకును పరదేశులకును నేర్పినారు. మేమును చిన్ననాడు ఒక తగరపు డబ్బామీద దానిని చూచినవారమే; లోపలి బిస్కత్తులు తీఱిన పిదప ఆ డబ్బాలో మా అమ్మగారు పోపుగింజలు పోసికొనిరి.

మా మఱిదిగారు కోల్చెస్టరు పట్టణమున నుద్యోగము చేయుచున్నారు. తోడికోడలు పదేపదే పిలువగా, మొన్నటి వేసవి సెలవులలో మావారును మేమును అచ్చటికి పోయి నెలదినము లుంటిమి. మావారు బడిలో చరిత్రము చెప్పువారగుటచే, ఏ వస్తువును చూచినను అది యెవరి సొత్తు, దానికై కష్టపడిన దెవరు అని యడుగుట వారి యలవాటు. మేము ఇంటిపట్టున కావ్యములు చదివికొని పెరిగినవారము. వర్ణనము రసవంతముగా నున్నదా లేదా యని చూచుట మా యలవాటు. ఒక్క బొమ్మ యెదుట ఈ రెండలవాట్లకును పొత్తు కుదురుటకు చాలదినములు పట్టినది.

ముందుగా బొమ్మను చూచితిమి. అది లండను నగరమున ట్రఫాల్గరు చౌకునందలి నేషనల్ గ్యాలరీ యను చిత్రశాలకు చెందినది. ప్రవేశమునకు రుసుము లేదు. చిత్రశాలకు ప్రక్కనే సెయింట్ మార్టిన్ చర్చి యున్నది. కాన్‌స్టేబుల్ మరియా బిక్నెల్ అను కన్యను వివాహమాడినది 1816 అక్టోబరు 2వ తేదీన ఆ చర్చిలోనే. ఏడేండ్లు కాచుకొన్న పెండ్లి యది. మరియా తాతగారు కాన్‌స్టేబుల్ స్వగ్రామమునకు మతగురువు. బొమ్మలు వ్రాసి పొట్టపోసికొనువాడు తమ యింటి పిల్లకు తగడని ఆయన పట్టుపట్టెను. ఆయన సమ్మతి లేకయే పెండ్లి జరిగినది. బండిబొమ్మ ముగియు నాటికి, అనగా 1821 వసంతకాలమునకు, ఆ యింట మూడవ బిడ్డ పుట్టినది. ఏడుగురు బిడ్డలను కని మరియా 1828లో క్షయవ్యాధితో మరణించెను. రాయల్ అకాడమీ యను కళాపరిషత్తు ఆమె భర్తకు పూర్తి సభ్యత్వ మిచ్చినది 1829లో. చిత్రకారుల చరిత్రములలో ఇట్టి తేదీల నడుమ నుండు ఎడమును చదువుట మన స్త్రీలకు బాగుగా తెలియును.

బొమ్మ పెద్దది. నాలుగడుగులకు మించిన యెత్తు, ఆఱడుగుల వెడల్పు. ఎడమ ప్రక్కన చెట్లనీడలో ఒక యిల్లు. దాని ముంగిట మడుగు. మడుగు నడుమ ఖాళీబండి. బండికి పూన్చిన గుఱ్ఱముల మెడపట్టెడలకు ఎఱ్ఱని కుచ్చులు. ఇంత పచ్చదనములో ఆ చిటికెడు ఎఱుపు కుంకుమబొట్టువలె కంటికి తగులును. బండిలో ఇద్దఱు మగవారు. గట్టుమీద ఒక కుక్క వారివంక చూచుచున్నది. పైన ఆకాశము సగము బొమ్మను ఆక్రమించికొనియున్నది. వాన వచ్చునో రాదో చెప్పలేని మేఘములు. బండిని నీటిలో నేల నిలిపినారని మావారు సందేహించిరి. ఇది పల్లెలో పుట్టినవారికి తెలిసినదే. ఎండకాలమున కొయ్య యెండి కుదించుకొనిన, చక్రమునకు తొడిగిన ఇనుపపట్టా వదులగును. అందుచే మన బండివారును చెఱువు కనబడిన చోట చక్రములను కొంతసేపు నాననిత్తురు. ఈ గుఱ్ఱములకును కాళ్లు చల్లబడును. మేమిది చెప్పగా మావారు మాఱు పలుకక తలయూపిరి.

ఈ బొమ్మను కాన్‌స్టేబుల్ ఏటియొడ్డున కూర్చుండి వ్రాయలేదు. పూర్వము అక్కడ వ్రాసికొన్న చిన్నబొమ్మలను ముందుంచుకొని, లండనులోని తన యింట శీతకాలమున వ్రాసెను. బండి యాకారము సరిగా జ్ఞాపకము లేక స్వగ్రామమునకు కబురంపగా, అచ్చటి మిత్రుని కొడుకు బండిని చూచి గీసి పంపెను. 1821లో దీనిని అకాడమీలో ప్రదర్శించినపుడు ఇంగ్లండులో కొనువారు లేకపోయిరి. 1824లో పారిసు నగరమున ప్రదర్శింపగా ఫ్రాన్సు రాజగు పదవ చార్లెసు బంగారు పతక మిచ్చెను. పొరుగువారు మెచ్చినగాని ఇంటివారికి కనబడకపోవుట అన్ని దేశములలోను నున్నదే.

మేము బొమ్మయెదుట చాలసేపు నిలిచితిమి. ముందు కనబడినది బండి. తరువాత ఆకాశము. చాల తరువాత, కుడిప్రక్కన దూరపు మైదానములో తెల్లని చుక్కలు కొన్ని కనబడినవి. దగ్గఱకు పోయి చూడగా అవి గడ్డి కోయు మనుష్యులు! ఖాళీబండి వారికొఱకే పోవుచున్నది. ఇంకను వెదకగా, ఎడమప్రక్కన ఇంటిముంగిట నీటికి వంగియున్న యొక స్త్రీ కనబడినది. నీరు ముంచుకొనుచున్నదో, ఏదైన ఉదుకుచున్నదో తెలియదు. ముఖము లేదు. ఇంటినీడలో సగము కలిసిపోయియున్నది. బిస్కత్తు డబ్బామీద ఆమె యున్న సంగతియే మా కెన్నడును తెలియదు.

“పనిచేయువారందఱును ఇంత దూరమున నేల యుండవలెను?” అని మావారి ప్రశ్న. మాకు మొదట నిది అరసికమైన ప్రశ్నగా తోచినది. సముద్రమును వర్ణించు కవిని చేపల ధర యడిగినట్లున్నదని వారితో ననియుంటిమి. అయినను అదే చిత్రశాలలోని మఱియొక బొమ్మ వారి పక్షమున సాక్ష్యము పలికినది.

అది టామస్ గెయిన్స్‌బరో 1750 ప్రాంతమున వ్రాసినది. ఈయనయు స్టౌరు నదీతీరమునందలి సడ్‌బరీలో పుట్టినవాడే. ఆండ్రూస్ అను యువభూస్వామి తుపాకి చంకబెట్టుకొని చెట్టు క్రింద నిలిచియున్నాడు. నీలిరంగు పట్టువస్త్రము కట్టిన భార్య బల్లపై కూర్చున్నది. కుడిప్రక్కన వారి పొలము. గోధుమ కోత అయిపోయినది. పనలు కట్టి నిలువబెట్టియున్నవి. కొయ్యకాళ్లు గొఱ్ఱుతో విత్తినట్లు తిన్నని బారులుగా నున్నవి. క్రొత్తపద్ధతి సేద్యమును చూపుటకే అట్లు వ్రాసినారని పండితులందురు. కాని, ఆ పనలు కోసినవా రేరి? మోపులు కట్టినవా రేరి? కొడవలి యొక్కటియు లేదు. పొలములో ఒక్క ప్రాణియు లేదు. పంట దానంతట అదే కోసికొని, కట్టుకొని, దొరగారికి సలాము చేయుటకు నిలిచినట్లున్నది! ఇంకొక విచిత్రము: ఆ యిల్లాలి ఒడిలో కొంతచోటు చిత్రింపకయే వదలిపెట్టబడియున్నది. అక్కడ నేమి వ్రాయదలచెనో ఎవరికి తోచినది వారు చెప్పుదురు.

జార్జ్ స్టబ్స్ అను మఱియొక చిత్రకారుడు 1785లో కోతకాండ్రను, గడ్డివాము వేయువారిని రెండు బొమ్మలుగా వ్రాసెను. టేట్ చిత్రశాల 1977లో ప్రజలనుండి చందాలు పోగుచేసి వానిని కొన్నది. ఇందులో పనివారు దూరమున లేరు. మన యెదుటనే యున్నారు. గడ్డి బొమ్మలో నడుమ నొక స్త్రీ పండ్లుగల పొడుగాటి కఱ్ఱను నిలువుగా పట్టి తిన్నగా మనవంక చూచుచున్నది. ఎవరికిని జంకని ఆ చూపు మాకు మిక్కిలి నచ్చినది. కాని ఆ టోపీలు, ఆ మడత నలగని బట్టలు! కోతకాలమున ఒక్కపూట పొలమునకు అన్నము మోసికొనిపోయిన స్త్రీ యెవరైనను ఈ బట్టలను చూచి నవ్వకుండదు. చెమటలేని కోత యది. రెండవ బొమ్మలో గుఱ్ఱమెక్కిన పెద్దమనిషి యొకడు ప్రక్కన నిలిచి అంతయు కనిపెట్టుచున్నాడు. బట్టలు నలగకపోవుటకు కారణ మాయన రాకయే కాబోలు.

లండను నుండి తిరిగివచ్చిన నాలుగవనాడు ఫ్లాట్‌ఫర్డునకు బయలుదేఱితిమి. కోల్చెస్టరు నుండి మానింగ్‌ట్రీ స్టేషనునకు రైలులో కొద్ది నిమిషముల ప్రయాణము. అక్కడినుండి ఏటిగట్టున రమారమి మూడు కిలోమీటర్లు నడువవలెను. తోడికోడలు పులిహోర మూటకట్టి, “అక్కయ్యా, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొనుము, రాత్రి వాన పడినది” అని హెచ్చరించినది. ఆమె మాట వినుట మేలైనది. దారిపొడవున పచ్చికలో ఆవులు మేయుచుండెను. వంగిన చెట్లు, నిండుగా నిదానముగా పాఱు నీరు, మారుమ్రోగని నిశ్శబ్దము. 1970లో ప్రభుత్వమువారు ఈ లోయను విశేషమైన ప్రకృతిశోభగల ప్రాంతముగా ప్రకటించి కాపాడుచున్నారు.

మర దగ్గఱకు వచ్చి నిలువగనే బొమ్మ యెదుట నిలిచినట్లే యైనది. చెట్లు మాఱినవి, ఇల్లు మాఱలేదు. ఆ యింట కాపురముండినవాడు విల్లీ లాట్ అను రైతు. ఎనుబదియేండ్లు దాటిన తన జీవితములో ఆయన ఆ యిల్లు విడిచి గడపిన రాత్రులు నాలుగే నని చెప్పుకొందురు. మన పల్లెలలోను ఇట్టివారి నెఱుగుదుము. మరయు, ఇండ్లును 1943 నుండి నేషనల్ ట్రస్టు అను ధర్మసంస్థవారి యధీనమున నున్నవి. మరలో ఇప్పుడు పిండి పట్టరు, విద్యార్థులకు ప్రకృతిశాస్త్రము చెప్పుదురు.

ఇక్కడ నిలిచినపుడు మాకొక సంగతి స్పష్టమైనది. బొమ్మలో మనము చూచుచున్నది ఈ మర ముంగిటనుండి. ఈ మర కాన్‌స్టేబుల్ తండ్రిది. గోల్డింగు కాన్‌స్టేబుల్ ధాన్యపు వర్తకుడు, మరల యజమాని, సరకు పడవలు గలవాడు. పిల్లవాడు ఏ గుమ్మమున నిలిచి లోకమును మొదట చూచెనో, పెద్దవాడై ఆ గుమ్మమునుండియే బొమ్మ వ్రాసెను. ఆ గుమ్మమునుండి చూచిన, ఎదుటి మైదానములోని కూలివారు తెల్లని చుక్కలుగనే కనబడుదురు. మావారి ప్రశ్నకు ఇదియే జవాబని మాకు తోచినది. అందులో కల్లలేదు, నిలిచినచోటు మాత్రమున్నది.

మావారు అంతటితో తృప్తిపడక, గట్టుమీది బల్లపై కూర్చుండి ఆనాటి చరిత్రము చెప్పిరి. నెపోలియనుతో యుద్ధము 1815లో ముగిసినది. సైనికులు ఇండ్లకు వచ్చిరి, పని లేదు. ఆ యేటనే పార్లమెంటువారు, స్వదేశపు గోధుమ ధర క్వార్టరు కొలతకు 80 షిల్లింగులు చేరువఱకు విదేశపు గోధుమలను రానీయరాదని శాసనము చేసిరి. ధర నిలిచినచో భూస్వామికి లాభము; రొట్టె కొనువానికి చేటు. 1816లో ఈ తూర్పు జిల్లాలలోనే రొట్టెయైన నిండు, రక్తమైన నిండని పేదలు తిరుగబడిరి; ఈలీ పట్టణమున ఐదుగురిని ఉరితీసిరి. కాన్‌స్టేబుల్ పెండ్లి జరిగిన సంవత్సర మదియే. బండిబొమ్మ ప్రదర్శింపబడిన మఱుసటి వసంతమున, 1822లో, సఫోకులో రాత్రి రాత్రికి ఎక్కడనో యొకచోట మంటలు కనబడుచున్నవని తమ్ముడు తెలుపగా, కాన్‌స్టేబుల్ ఆ మాటను కలతతో తన మిత్రునికి వ్రాసెను. వాములకు నిప్పుపెట్టిన మంటలవి. ఆయనకు తెలియక కాదు, తెలిసియే వ్రాయలేదు. ఇంగ్లండు చిత్రములలో పల్లె పేదలను ఇట్లు వెలుగునకు దూరముగా నుంచుటను గూర్చి జాన్ బారెల్ అను పండితుడు 1980లో ఒక గ్రంథమే రచించినాడని మావారు చెప్పిరి.

ఇంత విన్నను కాన్‌స్టేబుల్ మీద మాకు మనసు విఱుగలేదు. కుళ్లిన పలకలు, పాచిపట్టిన గుంజలు, మరకట్టనుండి జాఱు నీటి చప్పుడు – ఇవియే తన్ను చిత్రకారునిగా చేసినవని ఆయన యొక లేఖలో చెప్పికొనినాడు. పాచిని ప్రేమించువాడు పనిని చిన్నచూపు చూచువాడు కాడు. కాని కూలివాని కడుపును గూర్చి ఆయన వ్రాయలేడు. ఆ కడుపు ఆయనకు లేదు. మన కవులలో ఆముక్తమాల్యద రచించిన శ్రీకృష్ణదేవరాయలు చక్రవర్తి యయ్యును, వానకాలమున నిప్పు దొరకక, కట్టెలు మండక, వంటకై ఇల్లాండ్రు పడు పాట్లను వర్ణించినాడు. రాజు పొయ్యివఱకు వచ్చి చూచినాడు. అట్టిచూపు ఎవరికోగాని దొరకదు.

స్త్రీల సంగతి యెత్తితిమి గనుక ఒకటి చెప్పవలెను. కోత ముగిసిన చేలలో పరిగె ఏరుకొనుట మనకు తెలియనిది కాదు. ఇంగ్లండులోను పేద స్త్రీలు బిడ్డలను వెంటబెట్టుకొని పరిగె ఏఱుకొనెడివారు. పలుచోట్ల ఉదయమున చర్చిగంట మ్రోగినగాని చేనిలో దిగరాదు. అందువలన ముసలివారికిని, చంటిబిడ్డల తల్లులకును అన్యాయము జరుగదు. ఒక యింటివారు ఏఱిన గింజలు కొన్ని వారములకు, మంచి యేడైన కొన్ని నెలలకును రొట్టెకు వచ్చెడివి. ఈ సఫోకు జిల్లాలోనే టిమ్‌వర్తు అను గ్రామమున మేరీ హౌటన్ అను స్త్రీ పరిగె ఏఱినదని స్టీల్ అను భూమిగలవాడు దావా వేసెను. 1788లో పెద్దకోర్టున నలుగురు న్యాయాధిపతులలో ముగ్గురు, పరిగె ఏరుట పేదల హక్కు కాదని తీర్పుచెప్పిరి. బైబిలు ధర్మము ననుసరించి హక్కే యని చెప్పినవా డొక్కడు. తీర్పు అట్లుండగా, స్త్రీలు మాత్రము ఇంకొక నూఱేండ్లు పరిగె ఏఱుచునే యుండిరి. ఆకలికి తీర్పు తెలియదు గదా!

మేరీ కోలియర్ అను చాకలిపని చేయు స్త్రీ 1739లో ఒక కావ్యమే అచ్చువేయించినది. స్టీఫెన్ డక్ అను కూలికవి, తన కష్టమును వర్ణించుచు, పొలములో ఆడువారు పనికంటె మాట లెక్కువ యాడుదురని యెత్తిపొడిచెను. దానికి ప్రత్యుత్తరముగా ఆమె, పొలము పని ముగించి ఇంటికి వచ్చిన పిదప మగవారికి వండిపెట్టుట, పిల్లలను చూచుట, దొరసానుల బట్టలు తెల్లవాఱక మునుపే ఉదుకుట – ఇవన్నియు ఎవరి పనులని యడిగినది. చిత్రశాలలో లేని చెమట ఆ చాకలి పద్యములలో నున్నది.

కాన్‌స్టేబుల్ కూడ ఒకసారి పరిగె ఏఱువారిని చిత్రించినాడు. 1824లో మరియా ఆరోగ్యమునకై బ్రైటను సముద్రతీరమునకు పోయినపుడు వ్రాసినదది. ఇప్పుడు టేట్ చిత్రశాలవారిది. బడిపిల్లల పలకంత బొమ్మ. ఎవరి కొఱకును వ్రాయక, మేఘములను చూచుచు త్వరత్వరగా గీసినట్లున్నది. ఆఱడుగుల బొమ్మలో చోటు దొరకనివారికి ఆ పలకలో చోటు దొరకినది.

మధ్యాహ్నము పులిహోర తిని, గట్టెక్కి ఈస్ట్ బెర్గ్‌హోల్ట్ అను ఆయన స్వగ్రామమునకు నడచితిమి. అచ్చటి చర్చికి గంటల గోపురము లేదు. గోపురము పదునాఱవ శతాబ్దిలో సగములో నిలిచిపోగా, గంటలను నేలమీద కొయ్యబోనువంటి కొట్టములో ఉంచి చేతులతో మ్రోగింతురు. చర్చి యావరణలో కాన్‌స్టేబుల్ తలిదండ్రుల సమాధి కలదు. విల్లీ లాట్‌ను పూడ్చినదియు అక్కడనే. కాన్‌స్టేబుల్, మరియా మాత్రము లండనులోని హాంప్‌స్టెడ్‌లో నిదురించుచున్నారు.

బిడ్డలు లండనులో నున్న సోదరీమణులు అక్కడికి పోవుట తటస్థించినచో, లివర్‌పూల్ స్ట్రీటు స్టేషనునుండి మానింగ్‌ట్రీకి రైలులో సుమారు ఒక గంట పట్టునని గుర్తుంచుకొనవలెను. గట్టుదారి బురదగా నుండును గాన చెప్పులు పనికిరావు, బూట్లు కావలెను. ముందుగా లండనులో బొమ్మను చూచి పొండు. బండిని వదలి ఎడమప్రక్కన, ఇంటికిని నీటికిని సంధి యైనచోట వెదకినచో ఆ స్త్రీ కనబడును. కొంచెము వంగి చూడవలెను.